సముద్రం అడుగున చిన్న కెమెరా: నీటిని దాటే పరికరాల కూర్పు

నేలమీద ఫొటో తీసేటప్పుడు కెమెరాకూ దృశ్యానికీ నడుమ ఉన్న గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది కాంతిని దాదాపు ఏ మార్పూ లేకుండా దాటనిస్తుంది కనుక లెక్కించవలసిన అవసరమూ రాదు. నీటి సంగతి వేరు. అది కాంతిని వంచుతుంది, రంగులను ఒకదాని తరువాత ఒకటిగా పీల్చుకుంటుంది, తనలో తేలియాడే నలకలతో వెలుగును చెదరగొడుతుంది, లోతుకు వెళ్లేకొద్దీ పరికరాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. సముద్రగర్భంలో ఫొటోలూ వీడియోలూ తీయడానికి వాడే సామగ్రిలో ముఖ్యమైనదంతా నీటికున్న ఈ నాలుగు గుణాలను ఎదుర్కోవడానికి రూపొందినదే. అందువల్ల ఏ కంపెనీ కెమెరా కొనాలన్న ప్రశ్నతో ఆలోచన మొదలుపెట్టేవారి కంటే, నీరు కాంతిని ఏం చేస్తుందన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారికే చివరికి మంచి చిత్రాలు దక్కుతాయి. కెమెరా ఈ కూర్పులో ఒక భాగం మాత్రమే, అదీ చాలాసార్లు అతి ముఖ్యమైన భాగం కాదు.

కాంపాక్ట్ కెమెరా అంటే లెన్స్ శాశ్వతంగా బిగించి ఉండే, అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా. మొబైల్ ఫోన్లు వచ్చాక నేలమీద దీని అవసరం బాగా తగ్గిపోయినా, నీటి అడుగున దీని స్థానం ఇంకా గట్టిగానే ఉంది. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాతో దిగే డైవర్, విశాలమైన దృశ్యాలు తీయాలా, చిన్న జీవులను దగ్గరగా తీయాలా అన్నది సాధారణంగా పడవలో ఉండగానే తేల్చుకోవాలి. నీటిలో పెట్టె తెరిచి లెన్స్ మార్చడం కుదరదు కదా. కాంపాక్ట్ కెమెరాకైతే అదనపు లెన్సును పెట్టె బయటి వైపున, నీటిలోనే తగిలించి, నీటిలోనే తీసివేయవచ్చు. ఒకే డైవ్‌లో తాబేలునూ, వేలి గోరంత న్యూడిబ్రాంక్‌నూ, అంటే పెంకు లేని రంగురంగుల సముద్రపు నత్తనూ, రెండింటినీ తీయగల వీలు దీనివల్లే కలుగుతుంది. పైగా కాంపాక్ట్ కెమెరాలలో ఎక్కువ వాటికి షట్టరు లెన్సులోనే ఉంటుంది కనుక, చాలా వేగమైన షట్టరుతో కూడా ఫ్లాష్ కలిసి పనిచేస్తుంది. పైనుంచి దూసుకువచ్చే సూర్యకిరణాలను నేపథ్యంగా పెట్టుకుని తీసేవారికి ఇది ఎంతో అక్కరకొచ్చే గుణం.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఈ లెక్కన 40 మీటర్ల లోతులో, పొడవూ వెడల్పూ పదేసి సెంటీమీటర్లున్న పలక మీద పడే అదనపు ఒత్తిడి దాదాపు 400 కిలోల బరువుకు సమానం. కెమెరాను ఈ ఒత్తిడి నుంచి కాపాడే పెట్టెనే హౌసింగ్ అంటారు. ఇవి ప్రధానంగా రెండు రకాలు. పాలికార్బొనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్‌తో చేసినవి తేలికగా, చవకగా ఉంటాయి, లోపలికి చుక్క నీరు చేరినా వెంటనే కంటికి కనిపిస్తుంది. ఇవి సాధారణంగా 40 నుంచి 60 మీటర్ల లోతు వరకు పనికివస్తాయి. అల్యూమినియం దిమ్మెను చెక్కి చేసినవి మరింత లోతుకు తట్టుకుంటాయి, మీటలు మెత్తగా, కచ్చితంగా పనిచేస్తాయి, కానీ వాటి ధర చాలాసార్లు లోపల పెట్టే కెమెరా ధరను మించిపోతుంది. హౌసింగ్‌పై రాసి ఉన్న లోతు పరిమితిని దాటినప్పుడు పెట్టె వెంటనే పగిలిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు ముందుగా జరిగేది బటన్ల వెనుకనున్న స్ప్రింగులు నీటి ఒత్తిడికి ఓడిపోయి, బటన్లు నొక్కినవి నొక్కినట్టే ఉండిపోవడం. వినోదం కోసం డైవింగ్ నేర్చుకునేవారికి తొలి స్థాయి శిక్షణలో సిఫారసు చేసే గరిష్ఠ లోతు 18 మీటర్లు, తరువాతి స్థాయిలో 30 మీటర్లు కనుక, చాలామందికి ప్లాస్టిక్ హౌసింగ్ పూర్తిగా సరిపోతుంది.

హౌసింగ్ రెండు సగాల మధ్య నీరు చొరబడకుండా ఆపేది ఓ-రింగ్ అనే సన్నని రబ్బరు లేదా సిలికోన్ వలయం. ప్రెషర్ కుక్కర్ మూతలోని గాస్కెట్ లోపలి ఆవిరిని బయటికి పోనీయకుండా ఎలా ఆపుతుందో, ఇది బయటి నీటిని లోపలికి రానీయకుండా అలాగే ఆపుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ తన గాడిలో మరింత బిగుసుకుంటుంది. అందుకే నీరు కారే ప్రమాదం ఎక్కువగా ఎదురయ్యేది లోతులో కాదు, నీటి ఒత్తిడి ఓ-రింగ్‌ను ఇంకా బిగించని తొలి కొద్ది మీటర్లలో. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, తువ్వాలు నుంచి ఊడిన నూలు పోగు ఆ గాడిలో చిక్కుకుంటే చాలు, నీటికి దారి దొరుకుతుంది. ఓ-రింగ్‌కు రాసే గ్రీజు నీటిని ఆపదు. అది వలయం గాడిలో మెలిపడకుండా జారడానికి మాత్రమే ఉపయోగపడుతుంది కనుక, వేళ్లకు అంటీ అంటనంతగా రాస్తే చాలు, ఎక్కువైతే దుమ్మునూ నలకలనూ పట్టి ఉంచుతుంది. సిలికోన్‌తో చేసిన ఓ-రింగులు కొన్ని రకాల గ్రీజుకు ఉబ్బి చెడిపోతాయి కనుక, హౌసింగ్ తయారీదారు ఇచ్చిన గ్రీజునే వాడాలి. వలయాన్ని గాడిలోంచి తీయడానికి పిన్నూ సూదీ పనికిరావు. అవి గాడి మీద చేసే సన్నని గీత ఎన్నటికీ మానదు.

కొత్త హౌసింగ్‌ను తొలిసారి కెమెరా లేకుండా, లోపల ఒక టిష్యూ కాగితం ఉంచి, డైవ్‌కు తీసుకువెళ్లి పరీక్షించడం మంచి అలవాటు. ఇటీవలి కాలంలో వచ్చిన వాక్యూమ్ వ్యవస్థ ఈ పరీక్షను ఒడ్డునే, ప్రతి డైవ్‌కూ ముందు చేసే వీలు కల్పించింది: చిన్న చేతిపంపుతో హౌసింగ్‌లోని గాలిని కొంత బయటికి లాగేస్తే, లోపలి సెన్సర్ ఆ తక్కువ పీడనం నిలకడగా ఉందో లేదో గమనిస్తూ ఉంటుంది, ఎక్కడైనా సందు ఉండి గాలి లోపలికి వస్తే రంగు దీపంతో హెచ్చరిస్తుంది. లోపలి పీడనం తక్కువగా ఉండటం వల్ల రెండు సగాలూ నీటిలో దిగకముందే గట్టిగా అతుక్కుని ఉంటాయి కూడా. అదనంగా ఖర్చు పెట్టగల స్తోమత ఉన్నవారికి ఇంతకు మించిన పెట్టుబడి ఈ రంగంలో మరొకటి లేదు. హౌసింగ్ అద్దం మీద లోపలి వైపు ఆవిరి పట్టడం మరో సాధారణ సమస్య. తీరప్రాంతపు తేమగాలిని లోపల ఉంచి మూసివేసినప్పుడు, కెమెరా వేడికి ఆ తేమ చల్లని అద్దం మీద పేరుకుంటుంది. ఏసీ గదిలో కెమెరాను లోపల బిగించడం, ఓ-రింగ్‌కు తగలకుండా సిలికా జెల్ పొట్లం పెట్టడం, పడవ మీద హౌసింగ్‌ను ఎండకు వదిలేయకుండా తడిగుడ్డ కప్పడం, ఇంతటితో ఆ సమస్య చాలావరకు తీరుతుంది.

ఇక కెమెరా ఎంపిక. ఓఎం సిస్టమ్ సంస్థ 2023లో విడుదల చేసిన టఫ్ టీజీ-7, అంతకుముందు ఒలింపస్ పేరుతో 2019లో వచ్చిన టీజీ-6, ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవారికి అత్యంత అనువైనవిగా పేరు తెచ్చుకున్నాయి. ఇవి హౌసింగ్ లేకుండానే 15 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకుంటాయి, 45 మీటర్ల వరకు పనికొచ్చే ప్లాస్టిక్ హౌసింగ్ వీటికి విడిగా దొరుకుతుంది. అంటే హౌసింగ్‌లోకి కొద్దిగా నీరు చేరినా కెమెరా బతికి బయటపడే అవకాశం ఎక్కువ. వీటిలోని మైక్రోస్కోప్ మోడ్ లెన్స్ ముందు ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువుపై కూడా ఫోకస్ చేయగలదు. ఈ ఒక్క గుణం కోసమే పెద్ద కెమెరాలున్నవారు కూడా వీటిలో ఒకదాన్ని రెండో కెమెరాగా ఉంచుకుంటారు. వీటి లోపం సెన్సర్‌లో ఉంది. సెన్సర్ అంటే లెన్స్ లోంచి వచ్చిన కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చే పలక. టీజీ కెమెరాలలో దాని వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే కావడం వల్ల, వెలుతురు తగ్గినప్పుడు చిత్రంలో గరుకుదనం కనిపిస్తుంది. షట్టరు వేగాన్ని పూర్తిగా చేతితో అదుపు చేసుకునే వీలు కూడా వీటిలో లేదు.

ఒక అంగుళం సెన్సర్ అనే పేరుతో పిలిచే కెమెరాలలో ఈ పలక వైశాల్యం సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు, అంటే నాలుగు రెట్లు. సోనీ ఆర్‌ఎక్స్100 శ్రేణి, కానన్ జీ7 ఎక్స్ శ్రేణి ఈ కోవకు చెందినవి. ఆర్‌ఎక్స్100 చిత్ర నాణ్యతలో, వీడియోలో ముందుంటే, కానన్ కెమెరాలు నీటిలో వైట్ బ్యాలెన్స్‌ను, అంటే రంగుల సమతూకాన్ని, సరిచేసుకునే సులువుకు పేరు పొందాయి. ఇక్కడ కొనుగోలుదారు గమనించవలసిన చిక్కు ఒకటుంది. నేలమీద ఎక్కువ జూమ్ ఉన్న కెమెరాయే మేలనిపిస్తుంది, కానీ నీటిలో అది చాలాసార్లు అడ్డంకే: జూమ్ ఎక్కువైన కొద్దీ లెన్స్ ఎక్కువ పొడవుకు బయటికి సాగుతుంది, దానికి చోటివ్వడానికి హౌసింగ్ ముందుభాగాన్ని పొడవుగా చేయాలి, అప్పుడు బయట తగిలించే విశాల దృశ్యపు లెన్స్ కెమెరా లెన్సుకు దూరమై చిత్రం మూలల్లో నల్లటి నీడలు పడతాయి. 24 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్ ఉన్న పాత ఆర్‌ఎక్స్100 నమూనాలను, 200 మిల్లీమీటర్ల జూమ్ ఉన్న కొత్త వాటికంటే డైవర్లు ఎక్కువగా ఇష్టపడటానికి కారణం ఇదే. కెమెరా కొన్న తరువాత హౌసింగ్ వెతకడం కంటే, దొరికే హౌసింగ్‌ను చూసి కెమెరా నిర్ణయించుకోవడం తెలివైన పద్ధతి.

హౌసింగ్‌లో లెన్స్ ఎదుట ఉండే అద్దపు కిటికీని పోర్ట్ అంటారు. కాంతి నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. దీన్నే వక్రీభవనం అంటారు, నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. ఈ కారణంగా బల్లపరుపు పోర్ట్ వెనుకనున్న కెమెరాకు వస్తువులు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. చిన్న జీవులను తీసేటప్పుడు ఇది లాభమే అయినా, పగడపు దిబ్బనో, మునిగిన ఓడనో, తోటి డైవర్‌నో తీసేటప్పుడు పెద్ద నష్టం: నేలమీద మూల నుంచి మూలకు 84 డిగ్రీల విస్తృతిని చూసే 24 మిల్లీమీటర్ల లెన్స్, బల్లపరుపు పోర్ట్ వెనుక నీటిలో 60 డిగ్రీలను మాత్రమే చూస్తుంది. దృశ్యం అంతా చట్రంలో ఇమడాలంటే డైవర్ వెనక్కి జరగాలి, జరిగిన ప్రతి అడుగుకూ మధ్యలో నీరు పెరుగుతుంది, నీరు పెరిగిన కొద్దీ రంగూ స్పష్టతా తరుగుతాయి. నీటి అడుగున ఫొటోలు తీసేవారు ఎప్పుడూ చెప్పే మొదటి సూత్రం దగ్గరికి వెళ్లమని, ఇంకా దగ్గరికి వెళ్లమని. విశాల దృశ్యపు లెన్స్ అవసరం దృశ్యాన్ని పెద్దది చేయడానికి కంటే, దగ్గరగా ఉంటూనే దృశ్యమంతటినీ పట్టుకోవడానికే ఎక్కువ.

ఇందుకోసం పోర్ట్ బయట తగిలించేదే వెట్ లెన్స్. హౌసింగ్‌కూ దీనికీ మధ్య నీరు నిండి ఉంటుంది. ఆ నీటిని లెక్కలో పెట్టుకునే దీని అద్దాలను రూపొందిస్తారు. చాలా హౌసింగులలో దీన్ని 67 మిల్లీమీటర్ల మర ద్వారా బిగిస్తారు, లేదా తిప్పగానే పట్టేసే బేయొనెట్ అమరిక వాడతారు. నీటిలో మరలు తిప్పడం, అందులోనూ చేతి తొడుగులతో, సహనాన్ని పరీక్షించే పని కనుక బేయొనెట్ మీద కాస్త ఖర్చు పెట్టడం న్యాయమే. విశాల దృశ్యపు వెట్ లెన్స్ పోయిన విస్తృతిని తిరిగి తెచ్చి 100 డిగ్రీలకు పైగా పెంచుతుంది. గుండ్రని ముందు అద్దం ఉన్న రకాలలో వస్తువు ఆ అద్దానికి దాదాపు తగిలేంత దగ్గరగా ఉన్నా ఫోకస్ నిలుస్తుంది. దగ్గరి దృశ్యాలకు వాడే క్లోజప్ వెట్ లెన్స్ భూతద్దంలా పనిచేస్తుంది, కెమెరాను పూర్తి జూమ్‌లో ఉంచి దీన్ని తగిలిస్తే, సాధారణంగా రెండు సెంటీమీటర్లకు మించని పిగ్మీ సీహార్స్ కూడా చట్రంలో పెద్దగా కనిపిస్తుంది. టీజీ-7 వాడేవారికి మైక్రోస్కోప్ మోడ్ ఉన్నందున క్లోజప్ లెన్స్ తప్పనిసరి కాదు, అయితే ఒక సెంటీమీటరు దూరంలో హౌసింగ్ నీడే జీవి మీద పడి వెలుతురును అడ్డుకుంటుంది, భయపడిన జీవి కలుగులోకి దూరిపోతుంది కూడా. కాస్త దూరం నుంచి తీయనిచ్చే క్లోజప్ లెన్స్ విలువ అక్కడ తెలుస్తుంది. వెట్ లెన్సును నీటి పైననే బిగిస్తే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి కనుక, నీటిలోకి దిగాక ఒకసారి వదులు చేసి, బుడగలను వేలితో తరిమేసి, మళ్లీ బిగించాలి.

ఈ కూర్పులో అత్యంత విలువైన భాగం వెలుతురు. సూర్యకాంతిలోని రంగులన్నీ నీటిలో ఒకే దూరం పోవు. ఎరుపు మొదటి ఐదు మీటర్లలోనే బాగా క్షీణిస్తుంది, తరువాత నారింజ, ఆపై పసుపు తగ్గిపోతాయి, స్వచ్ఛమైన సముద్రంలో చివరిదాకా మిగిలేది నీలం. ప్లవకాలు నిండిన తీరపు నీటిలో నీలం కూడా పీల్చుకోబడి ఆకుపచ్చ మిగులుతుంది. 20 మీటర్ల లోతులో ఎర్రని చేప నల్లగానో బూడిదరంగుగానో కనిపించేది అందుకే. ఇక్కడ లెక్కించవలసింది నిలువు లోతును మాత్రమే కాదు, వెలుగు ప్రయాణించే మొత్తం దూరాన్ని. కెమెరా పక్కనున్న దీపం నుంచి ఒక మీటరు దూరంలోని చేపకు వెలుగు చేరి, తిరిగి లెన్సుకు రావాలంటే రెండు మీటర్ల నీటిని దాటాలి. ఎంత శక్తిమంతమైన ఫ్లాష్ అయినా, మీటరున్నర దాటితే రంగును తిరిగి తేలేకపోవడానికి కారణం ఈ రానుపోను ప్రయాణమే.

సముద్రగర్భ ఛాయాగ్రహణం పుట్టిన నాటినుంచీ ఇదే ప్రధాన చిక్కు. ఫ్రాన్సులోని బన్యుల్స్-సుర్-మేర్ తీరంలో 1893లో సముద్రగర్భ చిత్రాలు తీసిన జీవశాస్త్రవేత్త లూయీ బూటాన్, కెమెరాకు నీరు సోకని పెట్టె చేయించుకోవడంతో ఆగలేదు; ఆక్సిజన్ నింపిన పెద్ద పీపా పైన గాజు గుమ్మటంలో స్పిరిట్ దీపం పెట్టి, దాని మంట మీదికి మెగ్నీషియం పొడిని ఊది మెరుపు పుట్టించే ఏర్పాటు చేయించుకోవలసి వచ్చింది. 1926లో అమెరికాలోని డ్రై టోర్టుగాస్ దీవుల వద్ద విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ తొలిసారి రంగుల్లో సముద్రగర్భ చిత్రాలు తీసినప్పుడు కూడా నీటి మీద తెప్పపై మెగ్నీషియం పొడిని పేల్చి వెలుగు తెచ్చారు. ఆ పీపా, ఆ తెప్ప చేసిన పని ఇప్పుడు గుప్పెడంత పరికరం చేస్తోంది, దాని పేరు స్ట్రోబ్.

స్ట్రోబ్ అంటే విడిగా ఉండే, నీరు చొరని శక్తిమంతమైన ఫ్లాష్. కెమెరాలోనే ఉన్న ఫ్లాష్ చాలదా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. చాలదు, దానికి కారణం శక్తి తక్కువ కావడం ఒక్కటే కాదు. కెమెరా ఫ్లాష్ లెన్సుకు ఆనుకునే ఉంటుంది కనుక, లెన్స్ ఎదుట నీటిలో తేలే ప్రతి నలకా ఆ వెలుగును నేరుగా వెనక్కి పంపి, చిత్రం నిండా తెల్లని చుక్కలు మిగులుస్తుంది. దీన్ని బ్యాక్‌స్కాటర్ అంటారు. స్ట్రోబును పొడవైన చేతుల చివర, పోర్ట్ కంటే కాస్త వెనుకగా, కొంచెం బయటి వైపుకు తిప్పి పెడితే, దాని కాంతి అంచు మాత్రమే వస్తువును తాకుతుంది, లెన్సుకూ వస్తువుకూ మధ్యనున్న నలకలు చీకటిలోనే ఉండిపోతాయి. కొత్తవారు సహజంగానే స్ట్రోబును చేప వైపు గురిపెడతారు. చేప కనిపించే చోటు వక్రీభవనం వల్ల అసలు చోటు కంటే దగ్గరగా ఉంటుంది కనుక ఆ గురి కూడా తప్పుతుంది, మధ్యలోని నీరంతా వెలిగిపోతుంది. స్ట్రోబును ఎటు తిప్పాలో నేర్చుకోవడం కెమెరా సెట్టింగులన్నిటి కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, అన్నిటి కంటే ఎక్కువ ఫలితమూ ఇస్తుంది.

కెమెరాకూ స్ట్రోబుకూ సంబంధం ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ద్వారా కుదురుతుంది. కెమెరా ఫ్లాష్ వెలిగినప్పుడు దాని కాంతిని ఈ గాజు లేదా ప్లాస్టిక్ తీగ స్ట్రోబులోని గ్రాహకానికి చేరవేస్తుంది, ఆ క్షణంలోనే స్ట్రోబు వెలుగుతుంది. విద్యుత్ తీగ అక్కరలేదు కనుక హౌసింగ్‌కు కొత్త రంధ్రం చేయవలసిన పని లేదు. కెమెరా ఫ్లాష్ పని సంకేతం ఇవ్వడం మాత్రమే కనుక దాన్ని అతి తక్కువ శక్తిలో ఉంచితే, అది త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది, బ్యాటరీ మిగులుతుంది. కొన్ని కెమెరాలు అసలు ఫ్లాష్‌కు ముందు కాంతిని కొలవడానికి మరో చిన్న మెరుపును పంపుతాయి, స్ట్రోబులో దానికి తగిన అమరిక ఎంచుకోకపోతే స్ట్రోబు తొందరపడి ముందే వెలిగిపోతుంది. చిన్న జీవులకు ఒక స్ట్రోబు చాలు. విశాల దృశ్యాలకు రెండు కావాలి, కానీ ఒక స్ట్రోబుతో కొన్ని నెలలు సాధన చేశాకే రెండోది కొనడం మేలు, ఎందుకంటే ఒక దీపం నీడ ఎక్కడ పడుతుందో తెలిసినవారికే రెండో దీపం ఎక్కడ ఉండాలో తెలుస్తుంది.

వీడియోకు క్షణకాలపు మెరుపు పనికిరాదు, నిరంతరం వెలిగే వీడియో లైట్ కావాలి. దీని శక్తిని లూమెన్లలో చెబుతారు. చిన్న జీవులకు వెయ్యి రెండు వేల లూమెన్లు సరిపోతే, కాస్త విశాలమైన దృశ్యానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. మామూలు డైవింగ్ టార్చి వెలుగు ఒక సన్నని చోట కేంద్రీకృతమవుతుంది కనుక వీడియోలో నడుమ తెల్లని మచ్చగా కనిపిస్తుంది, వీడియో లైట్ వెలుగు విస్తృతంగా, సమంగా పరుచుకుంటుంది. వీడియో లైటుతోనే ఫొటోలు కూడా తీసుకోవచ్చన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో స్ట్రోబు వెదజల్లే వెలుగుతో పోలిస్తే వీడియో లైట్ చాలా బలహీనం. కదలని చిన్న జీవులకు అది చాలవచ్చు, ఈదే చేప మాత్రం మసకగా వస్తుంది. రెండింటిలో ఏదో ఒక్కటే కొనగలిగినవారు, ఫొటోలు ఎక్కువ తీయాలా వీడియో ఎక్కువ తీయాలా అన్నది ముందుగా తేల్చుకోవడం అవసరం.

దీపాల వెలుగు చేరని దూరపు దృశ్యాలకు వేరే ఉపాయం ఉంది. వైట్ బ్యాలెన్స్ అంటే ఆ వెలుతురులో తెలుపు ఏదో కెమెరాకు చూపించి, మిగిలిన రంగులను దాన్నిబట్టి సరిచేయించడం. డైవర్ తెల్లని పలకనో, ఇసుక నేలనో చూపించి ఈ కొలతను నమోదు చేస్తాడు, లోతు కొద్ది మీటర్లు మారినప్పుడల్లా మళ్లీ చేస్తాడు. దీనికి తోడు లెన్స్ ఎదుట ఎర్రని ఫిల్టర్ పెడితే, అధికంగా ఉన్న నీలాన్ని అది అడ్డుకుని రంగుల నిష్పత్తిని సరిచేస్తుంది. ఫిల్టర్ లేని ఎరుపును సృష్టించలేదు. ఉన్న కొద్ది ఎరుపును మిగతా రంగులతో సమానంగా నిలబెట్టడమే దాని పని, అందుకే సుమారు 20 మీటర్లు దాటితే ఉపయోగం ఉండదు. పచ్చని నీటికి ఎరుపు బదులు మెజెంటా ఫిల్టర్ తగినది. దీపం వెలిగించినప్పుడు ఫిల్టర్ తీసేయకపోతే దగ్గరి వస్తువులన్నీ రక్తవర్ణంలో తడిసిపోతాయి. ఫొటోలను రా ఫైలుగా, అంటే సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని కుదించకుండా ఉంచే రూపంలో, భద్రపరిస్తే తరువాత కంప్యూటర్‌లో రంగులు సరిదిద్దడానికి ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

ఈ భాగాలన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ట్రే. హౌసింగ్ అడుగున మరతో బిగించే లోహపు పలక, దానికి ఒకటి లేదా రెండు పిడులు, పిడుల పైన అంగుళం వ్యాసమున్న గోళాలు, ఆ గోళాలను పట్టుకునే క్లాంపులు, వాటికి తగిలించే ఆర్ములు, చివర స్ట్రోబులు: ఏ సంస్థ తయారుచేసినా ఈ గోళాల కొలత చాలావరకు ఒకటే కావడం వల్ల వేర్వేరు చోట్ల కొన్న భాగాలు కలిసిపోతాయి. నీటిలో ఒక వస్తువు బరువు, అది తొలగించిన నీటి బరువు మేరకు తగ్గుతుంది. అల్యూమినియం హౌసింగ్, గాజు వెట్ లెన్స్ కలిసినప్పుడు ముందుభాగం కిందికి లాగి మణికట్టును నొప్పించడం మామూలే. బోలు గొట్టాలుగా చేసిన తేలే ఆర్ములను వాడి, మొత్తం కూర్పును నీటిలో దాదాపు బరువు లేనిదిగా, వదిలితే మెల్లగా మునిగేదిగా సరిచేసుకోవాలి. వీడియో స్థిరంగా రావడానికి రెండు పిడుల ట్రే చేసే మేలు ఎలక్ట్రానిక్ స్థిరీకరణ కూడా చేయలేదు. 2016లో వచ్చిన హీరో5 బ్లాక్ నుంచి గోప్రో బ్లాక్ శ్రేణి కెమెరాలు హౌసింగ్ లేకుండా 10 మీటర్ల వరకు పనిచేస్తున్నాయి; ట్రే మీద అలాంటి కెమెరా ఒకటి బిగించి విశాల దృశ్యపు వీడియోను దానికి వదిలేసి, కాంపాక్ట్‌ను ఫొటోలకూ చిన్న జీవులకూ ఉంచుకునేవారు చాలామందే ఉన్నారు. గోప్రోలు చాలా దగ్గరి వస్తువులపై ఫోకస్ చేయలేవు కనుక ఈ పని పంపకం సహజమైనదే.

పరికరాల కూర్పు డైవ్ చేసే నీటిని బట్టి మారుతుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అండమాన్ దీవుల్లో, ముఖ్యంగా స్వరాజ్ ద్వీప్ పరిసరాల్లో, పొడి వాతావరణపు నెలల్లో నీరు తేటగా ఉండి పగడపు దిబ్బలు చాలా దూరం కనిపిస్తాయి. విశాల దృశ్యపు వెట్ లెన్స్, రెండు స్ట్రోబులు అక్కడ తమ ధరకు న్యాయం చేస్తాయి. విశాఖపట్నం రుషికొండ తీరంలో కూడా స్కూబా డైవింగ్ సాగుతోంది గానీ, నదులు తెచ్చే ఒండ్రు, అలల ఉధృతి కారణంగా బంగాళాఖాతపు తీరజలాల్లో చూపు ఆనే దూరం చాలా రోజుల్లో కొద్ది మీటర్లే. అలాంటి చోట విశాల దృశ్యాల కోసం పాకులాడితే మిగిలేది పచ్చని మసక. ఒక స్ట్రోబు, ఒక క్లోజప్ లెన్స్ పట్టుకుని రాళ్ల సందుల్లోని పీతలనూ రొయ్యలనూ న్యూడిబ్రాంక్‌లనూ వెతికేవారికి అదే నీరు చక్కని చిత్రాలనిస్తుంది, ఎందుకంటే పది సెంటీమీటర్ల దూరంలో ఏ నీరైనా దాదాపు తేటే.

ఈ సామగ్రి అంతా చేతికి రాకముందే డైవర్‌కు ఉండవలసినది తేలుడు మీద అదుపు. రెక్కలు ఆడించకుండా, చేతులు కదపకుండా ఒకే చోట నిలవలేని డైవర్ చేతిలో కెమెరా పగడాలకు ప్రమాదం, ఆ డైవర్‌కూ ప్రమాదమే. ఫ్రేములో మునిగిపోయి గాలి మీటర్ చూడటం మరిచిపోయేవారి విషయంలో శిక్షకులు కఠినంగా ఉండటానికి కారణముంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకూ సముద్ర గుర్రాలకూ రక్షణ ఉంది, వాటిని విరిచినా సేకరించినా నేరం. చిత్రం కోసం జీవిని పుల్లతో కదిలించడం, పఫర్ చేపను రెచ్చగొట్టి ఉబ్బేలా చేయడం వంటివి కొన్ని చోట్ల చూస్తున్నవే; అలా తీసిన చిత్రంలో కనిపించేది ఆ జీవి సహజ జీవనం కాదు, దాని భయం. ఏ కెమెరా అయినా తొలి ఇరవై ముప్పై డైవ్‌ల తరువాతే చేపట్టడం శ్రేయస్కరం.

కొనుగోలు క్రమం విషయానికి వస్తే, మొదట హౌసింగ్‌తో కూడిన కెమెరా, వెంటనే ట్రే, ఒక దీపం, ఆ తరువాత వెట్ లెన్స్, చివరగా రెండో స్ట్రోబు అన్న వరుస చాలామందికి సరిపోతుంది. మరింత మంచి కెమెరాకు మారడం వీటన్నిటి తరువాతి మాట. దీపం లేని ఖరీదైన కెమెరా కంటే దీపమున్న సాధారణ కెమెరా నీటిలో ఎప్పుడూ మెరుగైన చిత్రం ఇస్తుంది. విమానంలో వెళ్లేటప్పుడు విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సామానులో పెట్టకూడదు, కొనలు ఒకదానికొకటి తగలకుండా చేతి సంచిలో తీసుకువెళ్లాలి. వీడియో లైట్ల బ్యాటరీలు 100 వాట్-అవర్ల పరిమితిని దాటకుండా చూసుకోవాలి. హౌసింగ్‌ను గట్టిగా మూసి సామానులో వేస్తే, ప్రయాణంలో లోపలి, బయటి పీడనాలు తేడా పడి తిరిగి తెరవడం కష్టమవుతుంది కనుక, ప్రధాన ఓ-రింగ్‌ను తీసి విడిగా దాచడం ఆనవాయితీ.

డైవ్ ముగిశాక ఉప్పునీరు ఆరిపోకముందే హౌసింగ్‌ను మంచినీటిలో అరగంటైనా నానబెట్టి, నీటిలో ఉండగానే ప్రతి బటనునూ ప్రతి మీటనూ పలుమార్లు కదిలించాలి; ఒకసారి ఆరి స్ఫటికాలుగా మారిన ఉప్పు బటను కాడల చుట్టూ ఉండే చిన్న ఓ-రింగులను రంపంలా కోస్తుంది. పడవ మీద అందరి కెమెరాలనూ వేసే ఒకే తొట్టిలో వదిలేస్తే ఒకదాని పిడి మరోదాని పోర్టును గీకుతుంది కనుక, అక్కడ ముంచి కడిగి వెంటనే తీసేసి, నానబెట్టడం విడి తొట్టిలో చేయడం మంచిది. ఆరబెట్టడం నీడలోనే. పైకి కనిపించే ఓ-రింగును యజమానే ఏటా మార్చుకోవచ్చు, బటన్ల లోపలి వాటిని మాత్రం తయారీదారు సూచించిన గడువులో సర్వీసు కేంద్రంలో మార్పించాలి, ఎక్కువకాలం వాడకుండా ఉంచిన హౌసింగ్‌ను మళ్లీ సముద్రానికి తీసుకువెళ్లే ముందు, టిష్యూ కాగితంతో చేసే ఖాళీ పరీక్షను మొదటిసారి చేసినట్టే చేయాలి.